కొరాడో గడ్డం తీసేశాడు

బారీ, మార్చి 9

చెల్లీ ఒట్టావియా, నీ కొడుకు కొరాడో క్షేమం. నేనూ బతికే ఉన్నాను, కొందరికి కష్టంగా ఉన్నా.

గడ్డం ఉంటే మాస్కు మొహానికి అతుక్కోదని, రాతి దుమ్ము లోపలికి పోతుందని నేను అన్నప్పుడల్లా మా రాళ్లు చెక్కే షెడ్డులోని గడ్డం ఫోర్‌మన్ హాస్కెల్ "పుస్తకాల పురుగా, పని చూసుకో" అనేవాడు. మొన్న అందరికీ మాస్కు పెట్టి, తలకు ముసుగేసి, లోపల చేదు మందు చల్లారు. చేదు తగిలితే మాస్కు లీకైనట్టే. "నాకేం తగల్లేదు" అంటూనే హాస్కెల్ ముసుగు పీకి ఉమ్మేశాడు! షెడ్డంతా పగలబడి నవ్వాం. కొరాడో నవ్వలేదు. "నాన్నకూ గడ్డమే కదా మామయ్యా, ఆయన్ని తిన్నదీ ఈ దుమ్మే" అని, వెళ్లి నున్నగా గీసుకొచ్చాడు.

వాడికి మెడ చలిగా ఉందట, మఫ్లర్ అల్లి పంపు. పైకప్పు కారడం ఆగిందా? ఈస్టర్‌కి వాడొస్తే గుమ్మంలో తడబడకు. ఆ గడ్డం కింద ఇన్నాళ్లూ అచ్చంగా బావ చుబుకమే దాక్కుంది.

హాస్కెల్‌కి తప్ప అందరికీ దీవెనలు.

మీ అన్న గైడో