గేరు పక్కన ఎర్ర బటన్

నాయినా,

కారు తాళం ఫ్రిజ్ మీద పెట్టిన. స్టీరింగ్ మీది హారన్ ఇంక నొక్కకు. దాని లోపల ఎయిర్‌బ్యాగ్ ఉన్నదట, విప్పితే ప్రమాదమని తాండూరు మెకానిక్ ముట్టనే లేదు. గేరు పక్కన ఎర్ర బటన్ పెట్టిచ్చిన. ఎడమ చెయ్యితోని జర ముట్టుకుంటే చాలు, మోగుతది.

నీ కుడి చెయ్యి పట్టు తప్పినంక బండి నడపొద్దని డాక్టర్ చెప్పిండు, పాండు చిన్నాయిన చెప్పిండు, నేను ఏడ్సిన. ఎవరి మాట ఇన్నవ్? హారన్ బిగుసుకపోయి నొక్కరాకుంటేనన్న మానుకుంటవనుకున్న. నువ్వేమో కిటికీల నుంచి తల బయటపెట్టి నాపరాళ్ల లారీల మీద అరుసుకుంట పోతున్నవంట. ఇంక నేనేం జేయాలె? బటనన్న పెట్టిచ్చిన.

పోతే యాలాల్ దాంకనే పో. చీకటి పడకముందే రా. పప్పు వేడి చేసుకో. నేను డ్యూటీకి వికారాబాద్ బస్సెక్కుతున్న.

నిరోషా

ఇంకొకటి. ఇంటికొచ్చినంక గేటు కాడ గూడ ఆ బటన్ నొక్కు. మొన్న హారన్ నొక్కరాక, పిలువబుద్ధి కాక, గేటు బయట ఎండల కార్లనే కూసున్నవని పక్కింటి శాంతవ్వ చెప్పింది. అప్పుడు నేను లోపలనే ఉన్న నాయినా.