ప్రాసెసర్ మీద పందెం

ఫిబ్రవరి 2
వాయిదా పడిన చెస్ ఆటకు తెల్లారేదాకా ఎవరి సాయమూ తీసుకోనని, క్లబ్బు మెట్ల మీద బావమరిది నా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. మర్నాడు కోచ్ చేత ప్రతి ఎత్తూ వేయించుకొచ్చి నన్ను ఓడించాడు. అప్పటికి మా ఇద్దరికీ మీసాలు నల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు ఈమెయిల్ చెస్ ఫైనల్లో మళ్లీ ఎదురుపడ్డాం. ఇందులో కంప్యూటర్ సాయం తప్పు కాదు. వాడి మిషన్ కొత్తది. మా ఇంట్లోది పాతది, పైగా నాది కాదు. చూపు పోయినప్పటి నుంచి మా ఆవిడ నవలలన్నీ దానిచేతే చదివించుకుంటోంది.

ఫిబ్రవరి 4
ఓవర్‌క్లాకింగ్ మీద దొరికిందల్లా చదివాను. ప్రాసెసర్‌ని దాని వేగానికి మించి పరుగెత్తించాలంటే వోల్టేజీ పెంచాలి. వేడి మించితే మిషన్ తనే ఆగుతుంది. వోల్టేజీ మించితే మాత్రం చెప్పాపెట్టకుండా చిప్పును లోపల్నుంచి తినేస్తుంది, చెదలా.

వేగం పెంచాను. వోల్టేజీ దగ్గర ‘ఆటో’ అని ఉంటే అలాగే వదిలేశాను. మదర్‌బోర్డుకు నాకంటే తెలుసులే అనుకున్నాను.

ఫిబ్రవరి 5
తొంభై డిగ్రీలు. ఫ్యాను పిండిమరలా మోగుతోంది. నవల మధ్యలో గొంతు తడబడుతోందేమిటని మా ఆవిడ అడిగింది. కరెంటు మీదికి నెట్టేశాను.

ఫిబ్రవరి 7
రెండుసార్లు బ్లూ స్క్రీన్ వచ్చి మిషన్ ఆగిపోయింది. కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే కోడలికి ఫోన్ చేశాను. ఆటోని నమ్మితే అది వోల్టేజీని అవసరానికి మించి ఎక్కిస్తుందనీ, వెంటనే పాత వేగానికి దించమనీ చెప్పింది. సరేనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో మెట్టు ఎక్కించాను. గుర్రాన్ని బలి ఇస్తే వాడి రాజు చిక్కేలా ఉన్నాడు. లెక్క చివరిదాకా తేలాలి. ఎత్తుకు గడువు రేపే.

ఫిబ్రవరి 8, సాయంత్రం
చచ్చింది. పాత సెట్టింగులు పెట్టినా లేవలేదు.

గుర్రాన్ని బలిచ్చేసి ఫోన్లోంచి ఎత్తు పంపాను.

మా ఆవిడ వచ్చి కీబోర్డు తడిమింది.

“మీరిద్దరూ కొట్టుకోడానికి నా కళ్లే దొరికాయా?” అంది.

ఫిబ్రవరి 10
ఓడిపోయాను.

ఫిబ్రవరి 11
కొత్త ప్రాసెసర్‌కి వారం పడుతుందట. మిగతా నవల నేను చదివిపెడతానంటే వద్దంది. ఫోన్ స్పీకర్లో వాళ్ల తమ్ముడు చదువుతున్నాడు, ఒత్తులు మింగేస్తూ. ఆమె నవ్వుతోంది.

ఆటో మీద వదిలింది నా చెయ్యే. దాన్ని అక్కడిదాకా లాక్కెళ్లింది మాత్రం బావమరిది.