నలభై ప్రశ్నలు, అరవై లైన్లు

జూన్ 1, ఉదయం 6.00
ఈ రోజు నుంచి ఎవరికీ విడిగా జవాబు చెప్పను. పట్టుపురుగుల శాఖలో ముప్పై ఏళ్ళు, రిటైరయ్యాక పన్నెండేళ్ళు, అవే నలభై ప్రశ్నలు. అన్నిటికీ జవాబులు రాసిపెట్టాను. నెలనెలా ఒకటో తేదీన రైతుల న్యూస్‌గ్రూప్‌లో పెడతాను. చదువుకునేవాడు చదువుకుంటాడు. నాకు ప్రశాంతత.

6.20
మా మదనపల్లె ఇంటర్నెట్ కంపెనీ తిప్పి పంపింది. అరవై లైన్లు దాటకూడదట. నాది రెండు వందల పది.

జూన్ 2
పుంగనూరు గోపాలస్వామి గురించిన వాక్యాలు తీసేస్తే యాభై ఎనిమిదికి దిగింది. ఆఫీసులో నా పక్క కుర్చీవాడు. పురుగును ముట్టకుండా ప్రమోషన్ కొట్టినవాడు. లోకక్షేమం కోసం తీశాను. ఒక్క లైను మాత్రం ఉంచాను, మొత్తం యాభై తొమ్మిది.
వెళ్ళింది.

జూన్ 5
పుంగనూరు ఇంటర్నెట్ కంపెనీ తన ఊరివాళ్ళకు కనబడకుండా చెరిపేసింది. గ్రూప్ ఒకటే, ఊరికొక కంపెనీ, కంపెనీకొక రూలు. వ్యక్తులను దూషించరాదట. ఫిర్యాదు ఎవరిదో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.
ఆ లైను తీసి మళ్ళీ పంపాను. ఒకే పోస్టు రెండుసార్లు పంపితే ప్రకటన కింద లెక్కట. నాకు పది రోజులు నిషేధం. మా మదనపల్లె కంపెనీకి ఫోన్ చేస్తే దినేష్ అనే ఉద్యోగి ఎత్తాడు.
"రూలు సార్."
"యాల ఆ రూలు? మీరు చదివినారా నేను రాసింది?"
"మేం సదవం సార్. మిషనే సూసుకుంటాది."
"అయితే పురుగుల్ని కూడా మిషన్నే పెంచమను."

జూన్ 9, మధ్యాహ్నం 2.00
గుడుపల్లె రెజీనా మొదటిసారి పురుగులు పెట్టింది. గ్రూప్‌లో అడిగింది: "నిన్నటినుంచి ఆకు ముట్టలేదు. తలెత్తుకోని కదలకుండా ఉండాయి. రోగమా? పంట పోతే మా ఇంట్లో మళ్ళా పెట్టనీరు."
ఇది నా నలభైలో మొదటి ప్రశ్న. వాళ్ళ ఊరికి నెట్ ఇచ్చే కుప్పం కంపెనీ మూడు రోజులకే పాతవి తీసేస్తుంది. ఆమెకు నా జవాబు కనబడదు.

2.15
చెప్పను. నిర్ణయం నిర్ణయమే. పైగా నిషేధంలో ఉన్నాను.

2.40
గోపాలస్వామి జవాబిచ్చాడు: "రోగమే. అన్నీ పారేయమ్మా."

2.41
ఆమె పోస్టు కింద నంబరు ఉంది. చేశాను.
"పారేయొద్దమ్మా. రోగం కాదు, అవి ఒంటిమీది పాత పొర విడుస్తాండాయి. రేపటిదాకా ఆకు వేయొద్దు, కదిలించొద్దు."
"పుంగనూరాయన పారేయమన్న్యాడే అప్పా. మొదటి తట్ట ఎత్తుకోని దిబ్బకాడికి వచ్చేసినా."
"దించు."
"ఆఁ?"
"తట్ట దించమ్మా ముందు."
తర్వాత మిగతా ముప్పై తొమ్మిదీ చెప్పాను, గోపాలస్వామి గురించి తీసేసిన వాక్యాలతో సహా. ఫోన్లో లైన్ల లెక్క లేదు.

జూన్ 11
పురుగులు లేచాయి, ఆకు కరకరా తింటున్నాయట. రెజీనా ఆ సంతోషంలో నా నంబరు ఊరంతా పంచింది. పొద్దుటినుంచి పదకొండు ఫోన్లు. పదకొండూ మొదటి ప్రశ్నే.

సాయంత్రం 5.00
పన్నెండోది పుంగనూరు నుంచి. గొంతు మార్చాడు, పేరు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు నా పక్కన దగ్గినవాడి దగ్గు నాకు తెలియదా?
"మా కోడలు పురుగులు పెట్టింది అప్పా. ఆకు ముట్టలేదు. పారేయల్లా?"
పారేయమనడానికి నోరు తెరిచాను. పురుగులేం చేశాయి పాపం. చెప్పాను. గంటసేపు చెప్పాను.

జూన్ 12, ఉదయం 6.00
ఈ రోజు నుంచి ఎవరికీ విడిగా జవాబు చెప్పను. పదిహేనున నిషేధం తీరగానే పోస్టు పెడతాను. నలభై ఒకటో ప్రశ్న చేర్చాను: మొదటి ప్రశ్నకు జవాబు గోపాలస్వామికి తెలుసా? తెలియదు, జూన్ 11, సాయంత్రం 5 గంటలకు నన్నే అడిగాడు.
ప్రశ్న ఒక లైను, జవాబు ఒక లైను. ఉన్న యాభై ఎనిమిదితో కలిపి సరిగ్గా అరవై.