మూడు ఆదివారాల ప్రకటన

2-11-2006, గురువారం

రెండు నోట్‌బుక్కులు జాయ్స్‌తోనే నిండిపోయాయి. ఇది మూడోది. మొదటి దాంట్లో ఆమె ఎవరో తెలిసింది. రెండో దాంట్లో ఆమె కోరలు నా మెడ దాకా వచ్చి ఆగిపోయాయి. ఆగిన రోజే పెళ్ళి చేసుకుందామని అడిగాను.

1961లో, టైఫాయిడ్‌తో పడుకుని ఉండగా ఏదో వచ్చి ఆమెను కొరికింది. అప్పుడు పందొమ్మిదేళ్ళు. ఇప్పుడూ పందొమ్మిదే. పగలు గొడుగు వేసుకుని తిరుగుతుంది. మనిషి నెత్తురు ముట్టదు. తాతబ్బాయి మటన్ షాపులో మేక నెత్తురు నేనే తెస్తాను. ఇవాళ కూడా, "ఏటి బావా, రోజూ నెత్తురేపుడేనా? ఓ పాలి మాంసం కూడా ఒండుకో" అన్నాడు.

సాయంత్రం పాస్టరు గారు పెళ్ళి ఫారం నింపారు. వధువు తండ్రి పేరు అడిగితే జాయ్స్ నిజం చెప్పేసింది. కీర్తిశేషులు వరప్రసాదరావు, హెడ్‌మాస్టరు, కశింకోట. బంధువులు లేరు అంది. బయటికి వచ్చాక ఎందుకలా చెప్పావన్నాను. తండ్రి పేరు ఎలా మారుస్తాను జాన్, అంది.

5-11-2006, ఆదివారం

మొదటి ప్రకటన. మూడు ఆదివారాలు మా పేర్లు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. ఎవరైనా లేచి జాయ్స్ సంగతి బయటపెడితే ఆమె ఊరు వదిలిపోవాలి. మళ్ళీ రాకూడదు. ఆమె జాతికి అదే రూల్.

పిలవనిదే ఆమె ఏ గుమ్మమూ దాటలేదు. చర్చి గుమ్మం మీద అందరూ రండి అని పెయింటుతో రాసి ఉంది కాబట్టి లోపలికి రాగలిగింది.

ఎవరూ లేవలేదు. కానీ తండ్రి పేరు చదవగానే దీవెనమ్మ గారు తల తిప్పారు. ఆవిడ రిటైర్డ్ టీచరు, అరవై ఏళ్ళుంటాయి. తర్వాత ప్రార్థనలో కూడా కళ్ళు మూయకుండా జాయ్స్‌నే చూశారు.

6-11-2006, సోమవారం

దీవెనమ్మ గారు జాయ్స్ సొంత చెల్లెలట. రాత్రి జాయ్సే చెప్పింది.

9-11-2006

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరికీ తేడా తెలియలేదు.

12-11-2006, ఆదివారం

రెండో ప్రకటన. ఎవరూ లేవలేదు. మెట్ల దగ్గర దీవెనమ్మ గారు జాయ్స్ చెయ్యి పట్టుకుని, ఉలిక్కిపడి వదిలేశారు. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు.

15-11-2006, బుధవారం

దీవెనమ్మ గారు నేను పనిచేసే బెల్లం దుకాణానికి వచ్చారు. "సూడు బాబూ, నాకు మతి పోలేదు. మా అక్క జొరంలో లేచి ఎలిపోయింది. మా నాన్న సచ్చిపోయేవరకూ ఈది తలుపు గడియెట్టనివ్వలేదు. ఆ పిల్లెవరో సెప్పు. సెప్పకపోతే ఆదివారం లేచి అందరి ముందరా అడుగుతాను" అన్నారు. "బెల్లం కొట్టిన రాయిలా అలా సూత్తావేటి?" అని వెళ్ళిపోయారు.

జాయ్స్‌కు చెప్పాను. ఆ తలుపు తీసి ఉండేదని తనకు తెలుసట. ఏటా వచ్చి బయట నిలబడేదట. లోపల నాన్న దగ్గు వినబడేదట. రా అనే మాట ఒక్కటే లేదు. నాన్నా అని పిలిస్తే ఆయన భయపడతారేమోనని పిలవలేదట.

అన్నేళ్ళు! నేను ఒక్క గంట కూడా అలా నిలబడలేను.

ఆదివారం లోపల ఇద్దరం వెళ్ళిపోదామన్నాను. చెల్లిని ఒకసారి వదిలిపోయాను, మళ్ళీ వదలను అంది.

19-11-2006, ఆదివారం

మూడోసారి పాస్టరు గారు అభ్యంతరం ఉందా అని అడిగారు. దీవెనమ్మ గారు బెంచీ పట్టుకుని మెల్లగా లేచారు. ఉంది, అన్నారు. జాయ్స్ గొడుగు చేతిలోకి తీసుకుంది. వెళ్ళిపోవడానికే.

"పెళ్ళికూతురికి ఎవలూ లేరని రాసేరు. అది తప్పు. నేనున్నాను. కొట్టేసి నా పేరు రాయండి" అన్నారు.

పాస్టరు గారు వరస ఏమవుతుందని అడిగారు. ఆవిడ జాయ్స్‌ను చాలాసేపు చూశారు. "మా నాన్న తరపు" అన్నారు. పెళ్ళి వరకూ పిల్ల మా ఇంట్లోనే ఉంటాదని కూడా చెప్పి, బెంచీల మధ్య నడిచి వచ్చి జాయ్స్ ముందు నిలబడ్డారు. ఈసారి ఆ చల్లని చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఇంటికి రా" అన్నారు. నెమ్మదిగానే. అయినా నాకు వినబడింది.

జాయ్స్ గొడుగు బెంచీ మీదే మరిచిపోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆవిడ వెనక నడిచింది. నేను పరుగెత్తి గొడుగు పట్టాను. ఇద్దరిలో ఎవరూ నన్ను చూడలేదు.

20-11-2006, సోమవారం

వాళ్ళ అరుగు మీద జాయ్స్ ఆవిడ తెల్లజుట్టుకి నూనె రాసి జడ వేస్తోంది. కదలకే అని నెత్తి మీద ఒకటి వేసింది. దీవెనమ్మ గారు కదలకుండా కూర్చున్నారు.