రమాదేవిని కాల్చవద్దని మనవి

నేవన్, ఏప్రిల్ 2020

శ్మశానవాటికలు చూసే అధికారి గారికి,
కౌంటీ కౌన్సిల్ కార్యాలయం, నేవన్.

అయ్యా,

విషయం: నా భార్య కీ.శే. రమాదేవి (వయసు 82) భౌతికకాయమును దహనము చేయక, భూమిలో పూడ్చుటకు స్థలము కోరుతూ.

నేను పద్మనాభం, శ్రీకాకుళం తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడను. నా కొడుకు త్రినాథ్ తమ దేశంలో, ఈ ఊరి మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మా దంపతులకు ఒకేసారి కరోనా సోకగా, ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయి, నన్ను మేడమీది గదిలో ఉంచిరి. ఆదివారం ఆమె పోయినది. కాలేజీలో చదివే నా మనవరాలు తన్వి తలుపు అవతల కూర్చున్నది. నేను ఇవతల నుండి ఈ అర్జీ చదువుతుండగా ఇంగ్లీషులో టైపు చేయుచున్నది. దాని తెలుగు అంతంతమాత్రము గనుక తప్పులుంటే మన్నించవలెను.

1. గురువారం దహనమని నా కొడుకు చెప్పినాడు. పూడ్చమని నేను కోరగా, అది మన ఇంటావంటా లేదన్నాడు. ముత్తైదువను పూడిస్తే అరిష్టమని పురోహితుడు ఫోనులో సెలవిచ్చినాడట. ఆయనకేం, హైదరాబాదులో కూర్చుని ఏమైనా సెలవిస్తాడు.

2. నా భార్య బర్మాలో పుట్టినది. ఆమె తండ్రి అడవిలో టేకు దుంగలు కోసే కూలీ. యుద్ధం చివరి రోజులలో, ఆమెకు ఏడేళ్ళప్పుడు, విమానాలు వచ్చి ఆ అడవిపై నిప్పు కురిపించినవి. ఎవరి విమానాలో ఆమెకు తెలియదు. దాక్కున్న సైనికుల కోసం వేసినారని పెద్దలు తరువాత చెప్పుకొన్నారు. వెదురు పొదల్లో దాక్కున్నది మాత్రం కూలీల ఆడవాళ్ళు. ఈమె వాగులో నీళ్ళకు దిగి ఉన్నది. తల్లి మంటలతో పరుగున వచ్చి అదే వాగులో పడినది. ఆ నిప్పు జిగురు వంటిది, ఒంటిని పట్టుకొంటే వదలదు. నీళ్ళలో మునిగి లేచినా తల్లి భుజాలు మళ్ళీ అంటుకొన్నాయని నా భార్య చెప్పేది. ఒక్కసారే చెప్పినది, పెళ్ళైన కొత్తలో. పిల్లలకు చెప్పవద్దని ఒట్టు వేయించుకొన్నది.

3. మా పెళ్ళిలో హోమగుండం ముందు ఆమె ముఖం తిప్పుకొంటే సిగ్గనుకొని అందరూ మురిసిపోయిరి. కాపురానికి వచ్చిన నాటి నుండి పొయ్యి నేను వెలిగించేవాడిని, దీపం నేను పెట్టేవాడిని. పెళ్ళానికి భయపడే గుమాస్తా అని కచేరీలో నవ్వేవారు. నవ్వనీ. అమ్మకు గ్యాసంటే భయం అనుకొంటూనే నా కొడుకు పెద్దవాడైనాడు.

4. అంబులెన్సు వచ్చిన రోజున ఆయాసపడుతూ ఆమె నాతో అన్న మాటను ఉన్నదున్నట్టు రాయుచున్నాను: “నన్ను కాల్చకండి. మట్టిలో కప్పెట్టీండి. మాయమ్మని చూసేను కదా.” అట్లే చేయిస్తానని మాట ఇచ్చితిని. ఆ మాటకు సాక్షులు లేరు. రెవెన్యూ పద్ధతిలో ఇది చెల్లదని నాకు తెలుసు.

5. పాలుతాగే పిల్లలు పోతే మా వాళ్ళలోనూ పూడ్చిపెడతారు, నిప్పు చూపరు. ఆమెకు ఎనభై రెండేళ్ళు నిజమే. అయినా నిప్పు దగ్గర ఆమెకు ఏడేళ్ళు దాటలేదు. ఇది ఏ రూలు కింద వస్తుందో నాకు తెలియదు, తమరే కనుక్కోవాలి. బాబూ, ఆ గురువారం దహనం ఒక్కటి ఆపండి.

కావున, నేవన్ పరిసరాలలో ఏదో ఒక శ్మశానంలో ఆమె పట్టే స్థలము ఇప్పించి, నా కొడుకునకు తమ కచేరీ నుండి ఒక ఫోను చేయించవలెను. పెద్ద ఆఫీసు నుండి చెబితే వాడు వింటాడు. చిత్తగించి, ఈ ముసలివాడి మాట పోకుండా కాపాడవలెను.

తమ విధేయుడు,
పద్మనాభం

తా.క.: అయ్యా, రెండో అంశం చదువుతుండగానే తన్వి టైపు చేయడం ఆపింది. “నోబడీ టోల్డ్ అస్, తాతయ్యా,” అని ఏడ్చి, వాళ్ళ నాన్నను పిలుచుకొచ్చింది. మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివాను. త్రినాథ్ తలుపు అవతల నిలబడి అంతా విన్నాడు. తరువాత చెప్పాడు.

“నిన్ననే అయిపోయింది నాన్నా. స్లాట్ ముందుకొచ్చింది. మీకేమో ఒళ్ళు కాలిపోతోంది, ఎలా చెప్పమంటారు? అమ్మ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

వాడు తలుపు అవతల కూలబడి ఏడుస్తున్నాడు. వాడి తప్పేం లేదు, కొడుకు చేయవలసిందే చేశాడు. వెళ్ళి వాడి తల నిమురుదామంటే నాకు తలుపు తీసే వీల్లేదు.

పై అర్జీలో భౌతికకాయము అన్నచోట బూడిద అని దిద్దుకోగలరు. గంగలో కలపాలంటున్నారు, నేను ఒప్పుకోలేదు. మట్టి అన్నది, మట్టే ఇస్తాను. చిన్న గొయ్యి చాలు. ఈ ఊళ్ళో రోజూ వాన పడుతుంది కదా బాబూ, చెట్టు అడ్డు లేని చోటు చూసి ఇప్పించండి.