రెండో కాలి ముల్లు

బౌషర్, మస్కట్,
9-3-1992.

సౌభాగ్యవతి రాములవ్వకు,

మోకాళ్ళ నొప్పులు తప్ప ఇక్కడ నేను క్షేమం. నువ్వూ, ఓంకార్, కోడలు సునీత బాగున్నారని నీ ఉత్తరం మొదటి రెండు వరుసల్లో తెలిసింది. మిగిలిన రెండు పేజీలూ గులాం నబీ గురించే ఉన్నాయి. ఈ తొమ్మిదేళ్ళలో నా గురించి అంత పొడుగు ఉత్తరం నువ్వు ఎవరికీ రాయించి ఉండవు.

నేను పంపిన పెట్టె తెచ్చిచ్చాడు, సరే. ఒకే అర్బాబ్ తోటలో, ఒకే యజమాని కింద పనిచేసేవాళ్ళం. కోరుట్ల వాడు మన మెట్‌పల్లి దాకా రావడం గొప్పేమీ కాదు. మన పెరట్లో పుంజుకు కాలి వెనక పెరిగే ముల్లు తీశాడట, అది పసిపిల్లలా అతని ఒళ్ళో పడుకుందట, 'చిన్నమ్మా' అంటూ రెండుసార్లు చాయ్ తాగాడట. చాయ్‌లో అల్లం వేశావో లేదో ఒక్కటే రాయించలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ముల్లు మళ్ళీ పెరుగుతుంది. పట్టించుకోకపోతే వంకర తిరిగి దాని కాలిలోనే దిగుతుంది, లేదా పెట్టల వీపులు చీరుతుంది. ఒక కాలిదే తీసి రెండోది వదిలింది ఎందుకంటే, రెండు కాళ్ళూ ఒకేసారి నొప్పెడితే పుంజు నిలబడలేదు. నబీకి మళ్ళీ సెలవు ఎప్పుడన్నావు. అది చివర రాస్తాను.

సెలవు నుంచి రాగానే ఇక్కడా అదే వైద్యం మొదలుపెట్టాడు. అర్బాబ్ తల్లికి ప్రాణమైన ఎర్రపుంజు ఒకటుంది. దాని ముళ్ళు వేలెడంత పెరిగాయి. నబీ ఆలుగడ్డ ఉడకబెట్టి, వేడిగా ఒక కాలి ముల్లుకు గుచ్చి కాసేపు పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా తిప్పితే పై తొడుగు ఊడి చేతికొచ్చింది.

"దీనికింత తతంగమా? గోరులాంటిదేగా, కోసేస్తే పోయె" అన్నాను.

"గోరు గాదు కాకా. పైది టోపీ అసొంటిది, లోపల పానం ఉంటది" అన్నాడు.

పాతికేళ్ళు జగిత్యాల గ్రంథాలయంలో బీరువాలు తుడిచి, తుడిచిన ప్రతి పుస్తకమూ చదివినవాడికి, ఏడో తరగతి తప్పినవాడు పాఠం చెప్పాడు. అర్బాబ్ తల్లి "మాషా అల్లా, నబీ" అని తన చేత్తో కహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోసి ఇచ్చింది. ఆమెకు తొమ్మిదేళ్ళుగా నేను 'షైబా'నే, అంటే ముసలాడు. నేను వచ్చిననాడు నా జుట్టు నల్లగానే ఉండేది.

తర్వాతి వారం ఒకనాడు పొద్దున్నే నబీని రెండు రోజుల పని మీద సూర్ ఊరికి పంపారు. సునీతా, ఇక్కడ గొంతు తగ్గించకు, మీ అత్తకు వినపడేలా చదువు. అతను వెళ్ళగానే రంపం బ్లేడు తీసుకుని ఆ పుంజు రెండో కాలి ముల్లు మొదలంటా నేనే కోశాను. రక్తం ఆగలేదు. పసుపు అద్దాను, గుడ్డ కట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

సూర్‌కు పోయేముందు రెండో కాలిదీ నబీయే తీశాడని అర్బాబ్ తల్లి అనుకుంది. నేను పక్కనే నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. నబీ ఆ సాయంత్రం తిరిగి వచ్చాడో లేదో, "ఖలాస్, నెలాఖరుకు ఇంటికి పో" అన్నాడు అర్బాబ్. నబీ చచ్చిన పుంజు కాలు తిప్పి కోత చూశాడు. గోడకు తగిలించిన బ్లేడు చూశాడు. "నేను చేయలేదు" అని మాత్రం అర్బాబ్‌తో అన్నాడు. ఎవరు చేశారో చెప్పలేదు.

తర్వాత రూమ్‌లో, "కొస మందం కోసినా బతుకుతుండె గద కాకా" అన్నాడు. అంతే.

అది మంచితనమని నువ్వంటావు. పెద్దవాణ్ణి చిన్నబుచ్చడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదని నేనంటాను.

నాలుగు రోజులు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ బాగానే నిద్రపట్టింది. ఐదో రోజు నీ ఉత్తరం వచ్చింది. 'రెండో కాలి ముల్లు తీయనీకి నబీ ఎప్పుడొస్తడు' అని అడిగావు. అప్పుడు కళ్ళకు కట్టింది. నెలాఖరుకు నబీ వస్తాడు. మన పెరట్లో, నా పీట మీద, నా పుంజును ఒళ్ళో పెట్టుకుని, నువ్విచ్చే చాయ్ తాగుతాడు. నేనేమో ఇక్కడ పైపు పట్టుకుని చెట్లకు నీళ్ళు పెడుతూ ఉంటాను.

అది నావల్ల కాలేదు. నిన్న పోయి అర్బాబ్‌కు చెప్పేశాను. పుణ్యం కోసం కాదు, అపార్థం చేసుకోకు. పక్కనే ఉన్న అర్బాబ్ తల్లి, "భీమన్, నువ్వా?" అంది. నా పేరు ఆమెకు ముందు నుంచీ తెలుసన్నమాట.

ఇక నీ ప్రశ్నకు జవాబు. నబీకి రెండేళ్ళ దాకా సెలవు లేదు. నెలాఖరు టికెట్ నాది. మన పుంజుకు రెండో కాలిది నేను తీస్తాను, ఆలుగడ్డలు తెప్పించి ఉంచు. ఆలుగడ్డ ఎంతసేపు పట్టుకోవాలో, ముల్లు ఎటు తిప్పాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నబీని అడగాలి. ఇంకా అడగలేదు. ఇరవై రోజులున్నాయి.

ఇట్లు,
నీ పెనిమిటి,
భీమన్న