బావగారు విప్పాల్సిన డబ్బా

మార్చి 4, మంగళవారం

కొత్త హార్డ్ డిస్క్ వచ్చింది. చిన్న డబ్బా. బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాం. విప్పకూడదు. ఈ ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ఈయన అన్నగారు, అంటే మా బావగారు, వచ్చి విప్పాలి. ఫ్రిజ్ కొన్నప్పుడు ఆయన ఊళ్ళో లేరు. వచ్చేదాకా అది అట్టపెట్టెలోనే ఉంది. దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నాం. పాలు మామూలుగానే విరిగిపోయాయి.

ఒక్క మిక్సీ మాత్రం నేనే విప్పాను. బావగారు ఒక్క మాట అనలేదు. నెల్లాళ్ళు మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు, అంతే. ఆ నెల్లాళ్ళూ ఈయన జ్వరం వచ్చినవాడిలా తిరిగారు.

మార్చి 5

నా కంప్యూటర్ ముసలిదే. కానీ నా ఎంబ్రాయిడరీ మెషీన్‌కి దాని మాట తప్ప ఇంకెవరి మాటా చెవికెక్కదు. కొత్త కంప్యూటర్లలో ఆ సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదు. నేను ఇన్నేళ్ళూ గీసిన డిజైన్లన్నీ ఇందులోనే ఉన్నాయి. స్కూలు బ్యాడ్జీలు, హోటల్ తువాళ్ళ మీద అక్షరాలు, చంటిపిల్లల టోపీల మీద బాతులు. అవి పోతే నా పని పోయినట్టే. వారం నుంచి పాత డిస్క్ లోపల టిక్కు టిక్కుమంటోంది.

ఈయన ఫోన్ చేసి చెప్పారు. ఆదివారం వస్తారట. ఈలోగా ఎవరూ చెయ్యి పెట్టొద్దన్నారట.

మార్చి 9, ఆదివారం

రాలేదు. జలుబట. స్క్రూలు విప్పడానికి ముక్కుతో పనేమిటో.

మార్చి 16, ఆదివారం

మళ్ళీ రాలేదు. జలుబు తగ్గిందిగానీ నీరసంగా ఉందట. అక్క ఫోన్‌లో చెప్పింది. అక్కంటే బావగారి భార్య, నా తోడికోడలు. నీరసంగా ఉన్న మనిషి పొద్దుట వరసగా క్యారమ్స్ గెలిచాడని కూడా నవ్వుతూ చెప్పింది.

ఆ కుటుంబంలో నేను లెక్కచేసే మనిషి ఆవిడొక్కతే. వారపత్రికకి గళ్ళనుడికట్టు తయారుచేస్తుంది. ఇప్పటిదాకా వాడిన మాటలు, వాటికి రాసిన ఆధారాలు, అన్నీ వాళ్ళింటి కంప్యూటర్‌లో పేర్చి పెట్టుకుంది, మళ్ళీ వాడకుండా. బావగారికి అది కాలక్షేపంగా కనిపిస్తుంది. ఆయన క్యారమ్స్ మాత్రం వ్యాయామం.

మార్చి 18, రాత్రి

పొద్దున కంప్యూటర్ రెండుసార్లు బిగుసుకుపోయింది. టిక్కులు దగ్గరపడ్డాయి. ఈయన ఆఫీసులో ఉన్నారు. ఫోన్ చేస్తే, అన్నయ్యని అడిగి చెప్తానన్నారు. పెట్టేశాను.

డబ్బా విప్పాను. టేపు కోసేముందు ఒకసారి వీధి వైపు చూశాను. మిక్సీ నెల గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది. నా పని, నా కంప్యూటర్, నా బల్ల. దొంగతనం చేస్తున్నట్టు తలుపు గడియ పెట్టుకున్నాను.

కంప్యూటర్ పక్క రేకు తీస్తే లోపల దుమ్ము పరుపులా ఉంది. తుడిచాను. కొత్త డిస్క్‌కి కేబుళ్ళు మిగల్లేదు. సీడీ డ్రైవ్ చచ్చి చాలాకాలమైంది కదా, దాని రెండు కేబుళ్ళూ పీకి దీనికి పెట్టాను. ఎటు తోస్తే దిగాలో అటే దిగాయి. కాపీ చేసే సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, పాతదాన్నుంచి కొత్తదానికి మొత్తం కాపీ పెట్టాను. ఎక్కణ్ణుంచి, ఎక్కడికి అని అడుగుతుంది. మూడుసార్లు చదివి నొక్కాను. సాయంత్రానికి అయిపోయింది. డిజైన్లన్నీ కొత్తదాంట్లో ఉన్నాయి. బాతులతో సహా.

ఇంతేనా? ఈ మాత్రం పనికా రెండు వారాలు ఎదురుచూశాం?

ఆ తర్వాత నేను చేసింది రాయడానికి సిగ్గేస్తోంది. కొత్త డిస్క్ ఊడదీసి, మళ్ళీ డబ్బాలో పెట్టి టేపు వేశాను. సీడీ డ్రైవ్ కేబుళ్ళు దానికే తగిలించాను. ఇంకో మిక్సీ నెల నావల్ల కాదు.

మార్చి 21

ఇవాళ ఒక స్కూలు బ్యాడ్జీకి లకుముకి పిట్టని గీశాను. ముక్కు ఎంత బాగా కుదిరిందంటే ఈయన్ని పిలిచి చూపించాను. బాగుందన్నారు. ఈయన పొగడ్త అంతకన్నా పొడుగుండదు.

మార్చి 23, ఆదివారం

మహానుభావుడు దయచేశారు. టేపు కోసి, డబ్బా తెరిచి, డిస్క్‌ని వెలుతురులో తిప్పి చూసి, సరుకు మంచిదేనన్నారు. చూపుతోనే తెలిసిపోతుంది కాబోలు.

లోపల చూసి కేబుళ్ళు లేవు కొనాలన్నారు. సీడీ డ్రైవ్ చచ్చింది కదా, దానివి తీయొచ్చేమో అన్నాను. వినపడనట్టు ఊరుకున్నారు. కాసేపయ్యాక, తనకే తట్టినట్టు, సీడీ డ్రైవ్‌వి తీస్తే సరి అన్నారు. అన్నయ్య బుర్రే బుర్ర అన్నట్టు ఈయన నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

కాపీ దగ్గర అసలు సంగతి. ఎక్కణ్ణుంచి అన్నచోట కొత్త డిస్క్ పెట్టారు. ఎక్కడికి అన్నచోట పాతది. ఖాళీది తెచ్చి నిండుదాని మీద రుద్దడమన్నమాట. అటుది ఇటు పెట్టారేమో బావగారూ అన్నాను. ఈయన దగ్గారు. ఈ ఇంట్లో ఆ దగ్గుకి అర్థం నోరు ముయ్యమని.

బావగారు చిరునవ్వు నవ్వారు. “ఎప్పుడైనా సరే అమ్మాయ్, కొత్తదాన్నే ముందు పెట్టాలి” అన్నారు. రెండోదాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుందని స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. చదవకుండానే ఓకే నొక్కారు.

అప్పుడు గుర్తొచ్చింది, కొత్తది ఖాళీ కాదని. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఇంత మూర్ఖత్వాన్ని ఇంత తీరిగ్గా చూసే అవకాశం మళ్ళీ రాదు.

అంతా అయ్యాక డిజైన్లు తెరిచి చూపించారు. అన్నీ ఉన్నాయి. ఈయన చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. తమ ఇంటి కంప్యూటర్ కూడా నిండిపోయిందట, దానికీ ఒక డిస్క్ తెప్పించి ఇలాగే చేసేస్తారట.

మార్చి 24

లకుముకి పిట్ట లేదు. ఉండదు. నేను కాపీ తీశాక గీసింది అదొక్కటే. ఆయన చెరిపింది కూడా అదొక్కటే. మళ్ళీ గీశాను. ముక్కు కుదరలేదు.

మార్చి 29

ఈయన కొత్త బ్యాడ్జీ చూసి, ముందు గీసిన పిట్ట ఏదని అడిగారు. ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తెల్లబోతారనుకున్నాను. బూట్ల లేసులు కట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

“ఆ డబ్బాకి వేసిన టేపు నీదేనని అప్పుడే చూశాను” అన్నారు.

చూశారట. చూసి కూడా చప్పట్లు కొట్టారట. బావగారికి తెలియదు కాబట్టి తప్పు చేశారు. ఈయన అన్నీ తెలిసి దగ్గారు. ఇద్దరిలో ఎవరు నయమో తేల్చుకోలేకపోతున్నాను. అక్కవాళ్ళ డిస్క్ వచ్చిందట, రేపు పెడతారట, ఆ సంగతీ ఈయనే చెప్పారు. అక్క గళ్ళనుడికట్టు మాటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, మీరు ఫోన్ చేసి ఆపండి అన్నాను. అన్నయ్యకి ఎలా చెప్పను, నువ్వే వదినకి చెప్పు అని వెళ్ళిపోయారు.

ఒకటి ఒప్పుకోవాలి. ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. జరగనిస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నోరెత్తకుండా కూర్చుంటే నేనూ ఈ ఇంటి మనిషినే అయిపోతాననిపించి, అప్పుడు అక్కకి ఫోన్ చేశాను.

“డబ్బా విప్పనివ్వకక్కా. నేను వచ్చాక విప్పుదాం” అన్నాను.

ఎందుకని అక్క అడగలేదు. సరేనంది.

మార్చి 31

డబ్బాని అక్క తన బీరువాలో పెట్టి తాళం వేసిందట. అమ్మాయి వచ్చాకే అని బావగారి ముఖం మీదే చెప్పిందట. ఆయన ఒక్క మాట అనలేదట. నిన్నటినుంచి తన ఇంట్లో తనే మంచినీళ్ళు ముట్టడం లేదట.

ఆదివారం వస్తానన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

వెళ్ళలేదు. జలుబు చేసిందని అక్కకి ఫోన్ చేశాను. పరవాలేదు, డబ్బా ఎక్కడికీ పోదంది. బావగారు టార్చి పట్టుకుని పొద్దుట్నుంచీ సిద్ధంగా ఉన్నారట.

నాకు జలుబేమీ లేదు.